ధరించేవాడు లేని పతకం

పరమవీరచక్రం చాలా చిన్న వస్తువు. అంగుళంమీద మూడు ఎనిమిదో వంతుల వ్యాసం, అంటే సుమారు 35 మిల్లీమీటర్లు గల గుండ్రని కంచుబిళ్ళ అది. నడుమ మన రాజ్యచిహ్నం. దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. వెనుకవైపు హిందీలోను ఇంగ్లీషులోను పతకం పేరు, వాటి మధ్య రెండు తామరపూలు. ధరించటానికి సాదా ఊదారంగు పట్టీ. ఇందులో బంగారం లేదు, వెండి లేదు, రత్నాల మాట అసలే లేదు. కంసాలి దుకాణానికి తీసుకొనిపోయి తూకం వేయిస్తే దానికి పలికే ధర ఒకపూట భోజనానికి మించదు.

అయినా ఈ దేశంలో సైనికుడు పొందగల గౌరవాలలో దీనికి మించినది మరొకటి లేదు. 1950 జనవరి 26న దీనిని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేటట్లు ప్రకటించారు. నాటినుంచి నేటివరకు దీనిని పొందినవారు 21 మంది. ఆ 21 మందిలో 14 మంది దీనిని చూడనే లేదు. వారు నేలకొరిగిన తరువాత వచ్చిన పతకం ఇది. మూడింట రెండువంతుల సందర్భాలలో ఈ కంచుబిళ్ళను అలంకరించుకోవటానికి వక్షం లేకపోయింది. తల్లి చేతిలోనో, తండ్రి చేతిలోనో, భార్య చేతిలోనో దానిని ఉంచవలసి వచ్చింది.

బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి ఒక కంచుబిళ్ళను పంపటంలో అర్థమేమిటి? ప్రాణానికి వెల కట్టటమా? ఆ పని ఏ ప్రభుత్వమూ చేయలేదు. ఓదార్పా? ఆ లోటుకు ఈ ఓదార్పు ఏపాటిది? గౌరవమే అనుకొన్నా, గౌరవం పొందవలసినవాడు ఎదుట లేడు. ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసింది నిఘంటువులలో కాదు, ఒక పతకం చరిత్రలో. ఇరవైయొకటవ యేట మరణించిన సెకండు లెఫ్టినెంటు అరుణ్ ఖేత్రపాల్ పతకచరిత్ర అందుకు తగినది.

దానికి ముందు ఆ వజ్రాయుధాలు కంచుమీదికి ఎలా వచ్చాయో చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, విక్టోరియా క్రాసువంటి పరాయి పతకాల స్థానంలో మనవంటూ కొన్ని ఉండాలని ప్రభుత్వం సంకల్పించింది. అప్పటి సైన్యంలో అడ్జుటెంటు జనరల్ పదవి చేపట్టిన తొలి భారతీయుడు మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ ఆ బాధ్యత వహించాడు. ఆయన రూపకల్పన కోసం ఆశ్రయించిన వ్యక్తి ఏ కళాశాల ఆచార్యుడో కాదు, ఒక సైనికాధికారి ఇల్లాలు. పేరు శ్రీమతి సావిత్రీబాయి ఖానోల్కర్. ఆమె జన్మతః భారతీయురాలు కాదన్న విషయం వింటే చాలమంది ఆశ్చర్యపడతారు. 1913 లో స్విట్జర్లండులోని నూషాటెల్ పట్టణంలో పుట్టిన ఆమె, విక్రమ్ ఖానోల్కర్ అనే భారతీయ సైనికాధికారిని ప్రేమించి, 1932 లో ఆయనను వివాహమాడి, ఈ దేశపు భాషలను, పురాణాలను, కళలను తనవిగా చేసుకొన్నది. పరాయిపేర్లు తొలగించి స్వదేశీయమైన పతకం చేయవలసివచ్చినప్పుడు, ఈ దేశపు ఆత్మను వెదకి పట్టుకొన్నది ఈ కోడలే.

ఆమెకు స్ఫురించినది దధీచి కథ. వృత్రాసురుణ్ణి సంహరించే ఆయుధం దేవతలకు దొరకలేదు. దధీచి మహర్షి ఎముకలతో చేసిన ఆయుధం తప్ప మరేదీ పనికిరాదన్నారు. దేవతలు వెళ్లి యాచించారు. బతికివున్న మనిషిని ఆతని ఎముకలు అడగటం ఎంతటి యాచన! ఆయన కాదనలేదు, యోగంతో దేహం విడిచాడు. ఆ ఎముకలతో విశ్వకర్మ వజ్రాయుధం చేశాడు. తెలుగువారికి ఈ కథ కొత్త కాదు; భాగవతం షష్ఠస్కంధాన్ని తెనిగించిన ఏర్చూరి సింగన దీనిని మనకు అందించాడు. అయితే ఈ కథలో సాధారణంగా మనం గమనించనిది ఒకటున్నది. వజ్రాయుధం ఇంద్రుని చేతిలో ఉన్నా, అది దధీచిదే. దానిని చూసినప్పుడల్లా జ్ఞాపకం రావలసినవాడు విసరినవాడు కాదు, ఎముకలిచ్చినవాడు. సావిత్రీబాయి ఆ వజ్రాన్ని సైనికుని పతకంమీద నిలిపింది. నిలిపి, అది విజయానికి గుర్తు కాదనీ, ఇచ్చివేయటానికి గుర్తు అనీ మాటలలో చెప్పకుండానే చెప్పింది.

తొలి పరమవీరచక్రం ఆమె ఇంటికి దగ్గరగానే వచ్చింది. 1947 నవంబరు 3న కాశ్మీరంలోని బడ్గామ్ వద్ద, ఎడమచేతికి కట్టు ఉండగానే తన దళాన్ని నిలబెట్టి మరణించిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ పతకానికి తొలి గ్రహీత. ఆతని వయస్సు అప్పటికి 24 సంవత్సరాలు. ఆతని సోదరునికి సావిత్రీబాయి పెద్దకుమార్తె భార్య. కొన్ని దినాల తరువాత దొరికిన ఆతని దేహాన్ని, జేబులోని భగవద్గీత పుటలను బట్టి, పిస్తోలు తోలుసంచిని బట్టి గుర్తుపట్టారు. తాను గీసిన బొమ్మ ఎవరి పేరు మోస్తుందో గీసినప్పుడు ఆమెకు తెలియదు.

ఇక అరుణ్ సంగతి. 1950 అక్టోబరు 14న పూనాలో పుట్టాడు. అంటే పరమవీరచక్రం స్థాపితమైన సంవత్సరమే ఆతడు పుట్టిన సంవత్సరం. వారిది సైనికుల వంశం. ముత్తాత సిక్కుసైన్యంలో ఇంగ్లీషువారితో పోరాడాడు. తాత మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేశాడు. తండ్రి ఇంజనీర్ల దళంలో అధికారి, తరువాత బ్రిగేడియరు అయ్యాడు. తండ్రి పుట్టిన ఊరు సర్గోధా, దేశవిభజనతో అది పాకిస్తానులోకి పోయింది. ఈ ఊరి పేరు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కథ చివరకు అక్కడికే పోతుంది. అరుణ్ సనావర్‌లోని లారెన్సు పాఠశాలలో చదివి, 1967 లో జాతీయ రక్షణ అకాడమీలో చేరి, 1971 జూన్ 13న పదిహేడవ అశ్వికదళమైన ‘పూనా హార్సు’లో అధికారి అయ్యాడు. పేరు అశ్వికదళమైనా అప్పటికి గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చి చాలాకాలమైంది. చేరిన ఆరునెలలకే యుద్ధం. అహమ్మద్‌నగర్‌లో కొత్త అధికారుల శిక్షణలో ఉన్న ఆతడు మధ్యలోనే తన దళానికి తిరిగి వచ్చాడు.

1971 డిసెంబరు 3న పాకిస్తాను విమానాలు మన పశ్చిమ విమానస్థావరాలమీద దాడి చేయటంతో ఆ యుద్ధం రెండు దిక్కులా రాజుకొన్నది. ప్రజల దృష్టి అంతా తూర్పున, బంగ్లాదేశ్‌మీద ఉన్నది. పశ్చిమాన మాత్రం షకర్‌గఢ్ వద్ద పాకిస్తాను భూభాగం మనవైపుకు మోచేయిలాగా పొడుచుకొని వస్తుంది. జమ్మూకు పోయే దారికి అది ఎప్పుడూ ప్రమాదమే. అందుచేత మన సైన్యం అక్కడ ముందుకు నడిచింది. దారిలో రావి నదికి ఉపనదియైన బసంతర్ అడ్డువచ్చింది. దాని ఒడ్డున శత్రువు మందుపాతరలు విస్తారంగా పాతివుంచాడు. డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళం ఆ వాగును దాటి ఆవలిగట్టు పట్టుకొన్నది. ఇంజనీర్లు మందుపాతరలు తొలగిస్తూ సగందూరం వచ్చారో లేదో, శత్రువు ట్యాంకులు కదులుతున్న చప్పుడు వినవచ్చింది. ఆవలి గట్టుమీద ఉన్న పదాతిదళానికి ట్యాంకుల అండ లేకపోతే తెల్లవారేసరికి నాశనం తప్పదు. దారి పూర్తి అయ్యేదాకా ఆగవలెనా, సగం దారిలోనే దూకవలెనా? పూనా హార్సు దూకింది. మందుపాతరల మధ్యగా నడచి తెల్లవారేసరికి ఆవలిగట్టు చేరింది.

డిసెంబరు 16 ఉదయం ఎనిమిది గంటలకు, జర్పాల్ అనే గ్రామం వద్ద, పొగతెర చాటునుంచి పాకిస్తాను ట్యాంకులు ఎదురుదాడికి దిగాయి. ఎదుర్కొన్న పటాలం నాయకుడు రేడియోలో సహాయం కోరాడు. ఆ కోరిక విని, మరొక పటాలానికి చెందిన అరుణ్ తన ట్యాంకులతో తనంతట తాను బయలుదేరాడు. దారిలో ఇంకా లొంగని శత్రుస్థావరాలు కాల్పులు జరిపితే వాటిమీదికి నేరుగా నడిపించి, పిస్తోలు చూపి సైనికులను పట్టుకొని, ముందుకు సాగాడు. వెంటవచ్చిన ట్యాంకులలో ఒకదాని నాయకుడు అక్కడే మరణించాడు. జర్పాల్ వద్ద చివరకు మిగిలినవి మూడు ట్యాంకులు. వాటిలో ఒకదాని అధికారి గాయపడ్డాడు. మరొకదాని ఫిరంగి మొరాయించింది. మిగిలినది అరుణ్ ట్యాంకు ఒక్కటే. సెంచూరియన్ జాతి ట్యాంకు అది; దానికి దళంవారు ‘ఫామగుస్తా’ అని సైప్రస్ ద్వీపంలోని ఒక రేవుపట్టణం పేరు పెట్టుకొన్నారు.

ఆ ట్యాంకుకూ దెబ్బ తగిలింది, మంటలు లేచాయి. దిగిపొమ్మని పై అధికారి రేడియోలో ఆజ్ఞాపించాడు. ఫిరంగి ఇంకా పనిచేస్తున్నదనీ, ట్యాంకు విడిచిరాననీ అరుణ్ జవాబు చెప్పాడు. శత్రువు ట్యాంకులలో చివరిది ఆతనికి నూరు మీటర్లలోపు దూరానికి వచ్చినప్పుడు దానిని పడగొట్టాడు. ఇంతలో రెండవ దెబ్బ తగిలింది. అది ఆతని ప్రాణం తీసింది. ఆ పోరులో శత్రువు పది ట్యాంకులు నాశనమయ్యాయనీ, వాటిలో నాలుగింటిని ఆతడే స్వయంగా ధ్వంసం చేశాడనీ ప్రశంసాపత్రం చెబుతున్నది. శత్రువు అనుకొన్న దారి దొరకలేదు.

ఆ సాయంత్రమే ఢాకాలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంమీద సంతకం చేశాడు. మరునాటి రాత్రికి పశ్చిమరంగంలో కూడా తుపాకులు ఆగిపోయాయి. రెండు పగళ్లు, ఒక రాత్రి! ఆ మాత్రం కాలం గడిచివుంటే ఆ ట్యాంకు వద్ద నిలబడిన కుర్రవాడు ఇంటికి వచ్చేవాడు. యుద్ధం ముగిసిందన్న వార్త వెలువడినప్పుడు సైనికుల ఇళ్లలోనివారు గుండెలమీద చేతులు వేసుకొని, గండం గడిచిందని అనుకొంటారు. ఆ నిట్టూర్పు వెనువెంటనే తంతి అందుకొనవలసివచ్చిన ఇళ్లు దేశంలో ఎన్నో. ఖేత్రపాల్ ఇల్లు వాటిలో ఒకటి.

1971 యుద్ధానికి నాలుగు పరమవీరచక్రాలు వచ్చాయి. లాన్సునాయక్ ఆల్బర్టు ఎక్కా, వైమానికుడు నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్, అరుణ్ ఖేత్రపాల్, ఈ ముగ్గురికీ మరణానంతరం. నాలుగవవాడు, అదే బసంతర్ రణరంగంలో పోరాడిన మేజర్ హోషియార్ సింగ్, బతికి అందుకొన్నాడు. అప్పటి రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి గారు, బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆయన చేతులమీదుగా అరుణ్ పతకాన్ని అందుకొన్నది ఆతని తల్లి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ తల్లి చేతిలో పడినది ఏమిటి?

పతకం ఊరక రాదు. దళాధిపతి వ్రాయాలి, చూసినవారు చెప్పాలి, పై అధికారులు ఒకరి తరువాత ఒకరు పరిశీలించాలి, రాష్ట్రపతి ఆమోదించాలి, గెజెటులో అచ్చుకావాలి. అంటే పతకం వెనుక ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. కాగితం వెనుక ఒక కన్ను ఉంటుంది, ఒక చెవి ఉంటుంది. అరుణ్ ఏమన్నాడో రేడియోలో విన్నవారు ఉన్నారు గనుక మనకు తెలిసింది. ఏమి చేశాడో పక్కనున్న ట్యాంకులవారు చూశారు గనుక తెలిసింది. ఆ ఇంటికి చేరిన కంచుబిళ్ళ నిజానికి ఒక వాంగ్మూలం. “మీ బిడ్డ చివరిక్షణంలో ఒంటరిగా లేడు, మేము చూశాము, మేము విన్నాము” అని దళం మొత్తం సంతకం పెట్టి పంపిన వాంగ్మూలం. తల్లికి కావలసినది అదే. ఎక్కడో పరాయి పొలంలో మరణించిన కొడుకు గురించి ఆమె మొదట అడిగే ప్రశ్న గెలిచాడా అని కాదు, దగ్గర ఎవరైనా ఉన్నారా అని.

సాక్ష్యం కనుకనే అందులో పొరపాట్లు కూడా జరగటం కద్దు. 1999 లో కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్‌మీద పోరాడిన గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీరచక్రం మరణానంతరం అని ప్రకటించారు. తీరా చూస్తే 19 సంవత్సరాల ఆ యువకుడు ఆసుపత్రిలో గాయాలు మానుతూ బతికివున్నాడు. మరణించినది అదే పేరుగల మరొక సైనికుడు. ఒక ఇంట వెలిగిన ఆ దీపం మరొక ఇంట ఆరిన దీపమే.

పరమవీరచక్రం నిబంధనలలో ఒక మాట ఉన్నది. నేలమీదగాని, నీటిమీదగాని, ఆకాశంలోగాని శత్రుసమక్షంలో చూపిన అసమానశౌర్యానికి దీనిని ఇవ్వాలన్నది ఆ నిబంధన. శత్రుసమక్షం! చట్టంవారు ఏ ఉద్దేశంతో వ్రాసినా, ఈ మాటలో ఒక గూఢార్థమున్నది. వీరుని శౌర్యాన్ని అందరికంటె దగ్గరగా చూసేవాడు ఎదుటివాడే. మిత్రులు పక్కనుంచి చూస్తారు. శత్రువు ముఖాముఖి చూస్తాడు. ఆ సాక్షిని ఎవరూ పిలవరు. కాని ఆ సాక్షి నోరు విప్పిన సందర్భాలు లేకపోలేదు.

బసంతర్ వద్దనే ఒకటి జరిగింది. అరుణ్ మరణించిన మరునాడు, డిసెంబరు 17న, జర్పాల్‌ను తిరిగి పట్టుకొనటానికి పాకిస్తాను పదాతిదళం ఒకటి దాడి చేసింది. దాని అధిపతి లెఫ్టినెంటు కర్నల్ మొహమ్మద్ అక్రమ్ రాజా తన సైనికుల ముందు నడుస్తూ ప్రాణాలు విడిచాడు. ఎదుట నిలిచిన మన మూడవ గ్రెనేడియర్ల అధిపతి లెఫ్టినెంటు కర్నల్ వేద్ ప్రకాశ్ ఐరీ ఆ పరాక్రమాన్ని మనసారా ప్రశంసించాడు. రాజాకు ఆతని దేశం హిలాల్-ఎ-జుర్రత్ బిరుదు ఇచ్చింది. మరల 1999 లో, టైగర్ హిల్ వద్ద మరణించిన పాకిస్తాను కాప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ దేహాన్ని తిరిగి పంపేటప్పుడు, మన బ్రిగేడియరు బాజ్వా, ఈతడు శౌర్యంతో పోరాడాడని ఒక చీటీ వ్రాసి మృతుని జేబులో ఉంచాడు. ఆ దేశం ఆతనికి తన అత్యున్నతమైన నిషాన్-ఎ-హైదర్ నిచ్చింది. వేరొక సైన్యం పతకానికి మన సైన్యం సాక్ష్యం పలికింది. యుద్ధం ఎంత కఠినమైనదైనా, కళ్లతో చూసినదానిని కాదనలేని నిజాయితీ కొందరిలో మిగిలే ఉంటుంది.

అరుణ్ విషయంలో ఆ సాక్షి నోరు విప్పటానికి 30 సంవత్సరాలు పట్టింది. 2001 లో, 81 సంవత్సరాల వయస్సులో, బ్రిగేడియర్ ఖేత్రపాల్ గారికి తాను పుట్టిన సర్గోధాను ఒకసారి చూడాలని కోరిక కలిగింది. పాకిస్తాను వెళ్లారు. లాహోరులో ఆయనకు ఆతిథ్యమిచ్చినవారు ఆ దేశపు సైన్యంలో పనిచేసి విరమించిన బ్రిగేడియర్ ఖ్వాజా మొహమ్మద్ నాసర్. మూడుదినాలు ఆ ఇంటివారు వృద్ధుని ఎంతో ఆదరంతో చూశారు. ఆ ఆదరంలో ఏదో చెప్పరాని బరువు ఉన్నట్లు అతిథికి తోచింది. తిరుగుప్రయాణానికి ముందటిరాత్రి ఆతిథేయి ఆయనను ఒంటరిగా కూర్చోబెట్టుకొని, దాచుకొన్న మాట బయటపెట్టాడు. బసంతర్ వద్ద పదమూడవ లాన్సర్స్ దళంలో ఆ ఉదయం పోరాడినది తాననీ, అరుణ్ మరణించినది తన చేతిలోననీ చెప్పాడు. దాడి సాగకుండా ఆ కుర్రవాడు ఒక్కడు కొండవలె అడ్డునిలిచాడని చెప్పి, ఆ శౌర్యానికి చేతులు జోడించాడు.

ఆ క్షణంలో ఆ తండ్రి హృదయం ఏమైవుంటుందో వర్ణించటానికి పూనుకోవటం సాహసం. ఎదుట ఉన్నవాడు తన కుమారుని చంపినవాడు. తన ఇంట మూడుదినాలు అన్నం పెట్టినవాడు. అంతకుమించి, కుమారుని చివరిక్షణాన్ని చూసినవాడు. ఆ వృద్ధుడు సైనికుడు. తన కొడుకు ఎదుటివారిని చంపటానికే అక్కడ ఉన్నాడనీ, ఎదుటివారూ అందుకే ఉన్నారనీ ఆయనకు తెలియనిది కాదు. ఆయన ఆగ్రహించలేదు. ఇద్దరూ ఆలింగనం చేసుకొని విడిపోయారు. 1972 లో రాష్ట్రపతి ఇచ్చిన పతకంమీద ఒక సంతకం తక్కువగా ఉండిపోయింది. ముప్పై సంవత్సరాల తరువాత ఆ సంతకం లాహోరులో పడింది.

ఒక దళం జ్ఞాపకశక్తి కూడా సాక్ష్యమే. అరుణ్ చేరకముందే పూనా హార్సుకు ఒక పరమవీరచక్రం ఉన్నది. 1965 యుద్ధంలో, సియాల్‌కోట ప్రాంతంలో ఫిల్లౌరా, చావిండాల వద్ద ఈ దళాన్ని నడిపి, సెప్టెంబరు 16న రణరంగంలోనే మరణించిన లెఫ్టినెంటు కర్నల్ అర్దేషిర్ తారాపూర్‌ది ఆ పతకం. ఆయన నాయకత్వంలో 60 శత్రుట్యాంకులు నాశనమయ్యాయనీ, తనవి తొమ్మిదే పోయాయనీ ప్రశంసాపత్రంలో ఉన్నది. ఈ వీరునికి మన ప్రాంతంతో సంబంధమున్నదన్న విషయం చాలామందికి తెలియదు. ఆయన సైనికజీవితం ప్రారంభమైనది నిజాము సైన్యంలో, హైదరాబాదులో. మొదట హైదరాబాదు పదాతిదళంలోను, పిమ్మట హైదరాబాదు లాన్సర్సులోను పనిచేసి, ఆ సంస్థానం విలీనమైన తరువాత పూనా హార్సుకు వచ్చాడు. ఆరుసంవత్సరాల తరువాత ఆ దళంలో చేరిన యువకుడు తారాపూర్ పేరు వినకుండా ఒక్క దినమైనా గడిపివుండడు. మందుపాతరల సగం దారిలో దూకాలా వద్దా అన్న నిర్ణయం వెనుక ఇటువంటి పేర్లు నిలబడివుంటాయి.

అయితే సాక్ష్యమే పతకమైతే, సాక్షిలేని మరణాల మాటేమిటి? రాత్రివేళ మందుపాతరమీద అడుగుపెట్టినవాడు, గుడారంలో పడిన గుండుకు బలియైనవాడు, చూసినవారందరూ తనతోపాటే మరణించినవాడు, వీరి ధైర్యం ఏ కాగితంమీదికీ ఎక్కదు. 1971 లో పశ్చిమరంగంలో పనిచేసినవారికి ‘పశ్చిమీ స్టార్’, తూర్పున పనిచేసినవారికి ‘పూర్వీ స్టార్’, ఇవికాక ‘సంగ్రామ్ మెడల్’ ఇచ్చారు. ఇవి శౌర్యానికి కావు, అక్కడ ఉన్నందుకు. మరణించిన అనేకమంది కుర్రవాళ్ల ఇళ్లలో ఉన్నవి ఇవే. చూడటానికి వాటిలో ప్రత్యేకత ఏమీ కనపడకపోవచ్చు. ఆ ఇంటివారికి మాత్రం వాటికంటె గొప్ప పతకం మరొకటి ఉండదు.

ఈ చిక్కు మనకే కాదు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వంవారు దీనికొక ఉపాయం ఆలోచించారు. పతకాలతో నిమిత్తం లేకుండా, మరణించిన ప్రతివాని ఇంటికీ ఒక కంచుఫలకం పంపారు. సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం. ఎడ్వర్డు కార్టర్ ప్రెస్టన్ అనే శిల్పి రూపం ఇచ్చాడు. దానిమీద మృతుని పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. జనరలయినా జవానయినా ఒకటే. పదమూడు లక్షలకు పైగా అటువంటి ఫలకాలు పోతపోశారు. ఆ యుద్ధంలో మరణించిన భారతీయ సైనికులు సుమారు 74 వేలమంది; మన దేశంలోని ఇళ్లకు కూడా అవి వచ్చాయి. జనం వాటికి పెట్టిన పేరు ‘చనిపోయినవాని పెన్నీ’. ఆ చేదుమాటలో కోపమున్నది, దుఃఖమున్నది. కాని ఫలకాన్ని పారవేసినవారు కొద్దిమంది. గోడకు తగిలించినవారు, తుడిచి తుడిచి పేరు అరిగిపోయేటట్లు చేసినవారు ఎక్కువ.

మన పూర్వులకు ఈ సంగతి తెలియకపోలేదు. రాయలసీమ పల్లెల పొలిమేరలలో నేటికీ కనిపించే వీరగల్లులను చూడండి. ఆవులమందను కాపాడుతూ పడిపోయినవాడు, ఊరికోసం నిలబడి చచ్చినవాడు. చాలవాటిమీద పేరుకూడ మిగలలేదు. కత్తిపట్టిన ఆకారం ఒకటి మాత్రం ఉన్నది. ఊరు చూసింది, ఊరు రాయి నిలిపింది. పేరు మరచిపోయినా మొక్కటం మానలేదు.

అరుణ్ పతకం గెజెటులోకి ఎక్కిన 1972 జనవరి 26వ తేదీనే, ఢిల్లీలో ఇండియాగేటు కింద నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధి అమర్ జవాన్ జ్యోతిని వెలిగించింది. తలకిందులుగా నిలిపిన తుపాకి, దానిమీద ఒక శిరస్త్రాణం, పక్కన దీపం. అక్కడ పేరు లేదు. ఒకే దినాన దేశం రెండు పనులు చేసింది. చూసినవానికి పతకమిచ్చింది, చూడనివానికి దీపం పెట్టింది. 2019 ఫిబ్రవరి 25న ఆ సమీపంలోనే జాతీయ యుద్ధస్మారకం ప్రారంభమైంది; స్వాతంత్ర్యానంతరం మరణించిన పాతికవేలమందికి పైగా సైనికుల పేర్లను అక్కడ రాళ్లమీద చెక్కారు. 2022 జనవరిలో పాతదీపాన్ని తెచ్చి కొత్తదీపంలో కలిపారు. 21 మంది పరమవీరుల విగ్రహాలు ఒకవైపు, వేలాది పేర్లు మరొకవైపు. పేరు వెదకుకొంటూ వచ్చినవారు విగ్రహాలవైపు ఎక్కువసేపు నిలబడరు. రాళ్లమీద చేయి వేసి, అక్షరాలను తడుముతూ నడుస్తారు.

ఈ కథలన్నీ ఎక్కడో ఉత్తరదేశంలోవని అనుకోవటానికి వీలులేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరణించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు. ఆతనికి ప్రకటించిన మహావీరచక్రాన్ని 2021 నవంబరులో రాష్ట్రపతి చేతులనుంచి ఆతని తల్లి, భార్య కలసి అందుకొన్నారు. దేశం మొత్తం ఆ దృశ్యం చూసింది. ఊదారంగు పట్టీ అయినా, తెలుపు, కాషాయం కలిసిన పట్టీ అయినా, దానిని చేతులు చాచి తీసుకొనే తల్లి ముఖంలో మనం చూసేది ఒక్కటే.

సైనికుని ట్యాంకు అహమ్మద్‌నగర్‌లో భద్రంగా ఉన్నది. జర్పాల్ పొలాలలో మళ్లీ గోధుమ పండుతున్నది. ఆ ఉదయం ఎదురెదురుగా నిలిచినవారిలో ఎవరి ఇంట ఏ పతకమున్నదో ఆ పొలానికి తెలియదు. తెలిసినవారు చెబుతూ ఉండాలి. పతకం నోరులేనిది, పెట్టెలో పెట్టి మూతవేస్తే అది కంచుబిళ్ళగానే మిగులుతుంది. మూత తీసి, ఇది ఎవరిది, వాడి వయస్సెంత, ఏమి చేస్తూ పోయాడు, ఎవరు చూశారు అని ఇంటిలోని పిల్లవాడు అడిగినప్పుడు, పెద్దవారు జవాబు చెప్పగలిగినంతకాలమే అది వజ్రాయుధం.